మాత్ర వేసుకున్నావా అమ్మా?

నాకు టీబీ వచ్చింది, తగ్గింది. ఈ రెండు మాటలు నలుగురిలో చెప్పడానికి ఏడాది పైనే పట్టింది. తగ్గిందంటే అందరూ సంతోషిస్తారు. వచ్చిందని మాత్రం ఎక్కడా అనొద్దని పుట్టింటివాళ్లూ, అత్తింటివాళ్లూ, మా చర్చి సంఘంలో కొందరు పెద్దలూ గట్టిగా చెప్పారు. చెల్లెలికి సంబంధాలు చూస్తున్నాం, బాబును బడిలో దూరం పెడతారు, నీకు మళ్లీ ఉద్యోగం ఎవరిస్తారు అన్నారు. ఇప్పుడు ఆ భయం పోయింది. ప్రభువు నన్ను ఏ దారిలో నడిపించాడో, ఆ దారిలో ఎవరు చెయ్యి పట్టుకున్నారో, ఎవరు రాయి విసిరారో ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

మాది గుంటూరు. ప్రైవేటు బడిలో మూడో తరగతి పిల్లలకు పాఠాలు చెప్పేదాన్ని. 2024 ఎండాకాలంలో దగ్గు పట్టుకుంది. దగ్గర్లోని క్లినిక్‌కి వెళ్తే డాక్టరు గారు ముందు ఎలర్జీ అన్నారు, తర్వాత గ్యాస్ పైకి తంతోందన్నారు. వెళ్లినప్పుడల్లా సిరప్ మారేది, యాంటీబయాటిక్ మారేది. సాయంత్రమయ్యేసరికి ఒళ్లు వెచ్చబడుతోందని చెప్పాను. రాత్రిళ్లు చెమటతో జాకెట్టు తడిసిపోతోందని చెప్పాను. యాభై నాలుగు కిలోల మనిషిని నలభై ఒకటికి దిగిపోయాను, అది చెప్పక్కర్లేదు, చూస్తే తెలుస్తుంది. ఆయన తలెత్తి చూడలేదు. రెండు వారాలు దాటిన దగ్గుకు కఫం పరీక్ష చేయించాలని ప్రతి ప్రభుత్వాసుపత్రి గోడ మీదా రాసి ఉంటుంది. ఎంత చదివిన మనిషి! ఆ ఒక్క కాగితం ముక్క రాసి ఉంటే నా ఊపిరితిత్తి అంత పాడయ్యేది కాదు. ఆ కోపం నాకు ఇప్పటికీ ఉంది.

జబ్బును కనిపెట్టింది ఆయన కాదు, మా వీధి ఆశా కార్యకర్త. కుళాయి దగ్గర నా దగ్గు విని, మర్నాడు ప్లాస్టిక్ డబ్బా తెచ్చి చేతిలో పెట్టింది. "అక్కా, పొద్దున్నే లేవగానే నోరు పుక్కిలించి, లోపలి నుంచి దగ్గి ఇందులో ఉమ్మాలి. ఉమ్మి కాదు, కఫం" అంది. సీబీనాట్ అనే కఫం పరీక్షలో టీబీ ఉందని వచ్చింది, మందులకు లొంగే రకమేనని కూడా అందులోనే తేలింది. ఎక్స్‌రేలో కుడి ఊపిరితిత్తి పైభాగంలో మచ్చ. నాలుగు మందులు కలిపిన మాత్రలు, నా బరువుకు రోజుకు మూడు, పరగడుపున. అన్నీ ఉచితం.

బడివాళ్లు తగ్గేదాకా విశ్రాంతి తీసుకోండి మేడం అన్నారు. నెల తిరక్కముందే నా స్థానంలో వేరే టీచర్ని పెట్టుకున్నారు. ఆ తర్వాత ఫోన్ ఎత్తలేదు.

ఇంట్లో అత్తయ్య నాకు కంచం, గ్లాసు వేరు పెట్టింది. ముందు గదిలో మంచం వేశారు. ఏడేళ్ల కొడుకు గుమ్మం అవతల నిలబడి హోంవర్కు పుస్తకం తెరిచి నాకు చూపించేవాడు, నేను ఇవతల నుంచి తప్పులు చెప్పేదాన్ని. వాడికీ పరీక్ష చేసి, ముందు జాగ్రత్త మాత్రలు ఇచ్చారు. దగ్గినప్పుడు గాలిలో వచ్చే జబ్బే గానీ కంచంలో, గ్లాసులో వచ్చేది కాదని ఆశా చెప్పినా అత్తయ్య వినలేదు. నాకు బాధేసేది, ఏమీ అనేదాన్ని కాదు.

అప్పుడే ఆ మనిషి వచ్చాడు. మా సంఘం కాదు. పక్కింటావిడ మంచి మనసుతోనే తీసుకొచ్చింది, బాగా ప్రార్థన చేస్తారు, ఎందరికో తగ్గింది అని. గుమ్మంలోనే కుర్చీ వేయించుకుని కూర్చున్నాడు, లోపలికి రాలేదు. చాలాసేపు కళ్లు మూసుకున్నాడు. తర్వాత నా వంక చూసి, "సహోదరీ, నీలో దాచుకున్న పాపం ఒకటి కనబడుతోంది. అది ఒప్పుకుంటే ఈ రాత్రికే స్వస్థత. ఒప్పుకోకపోతే ఎన్ని మాత్రలు మింగినా దండగే" అన్నాడు. నా పక్కన బల్ల మీద మాత్రల అట్ట ఉంది. దాన్ని వేలితో చూపించి, "దేవుడి మీద నమ్మకం ఉన్నవాళ్లకు ఇవెందుకు?" అన్నాడు. అత్తయ్య వింటోంది, మావారు వింటున్నారు, గుమ్మం పక్కన నా కొడుకూ వింటున్నాడు.

మాత్రలు నేను మానలేదు. కానీ ఆ మాట మనసులోంచి పోలేదు. ఏ పాపం? పిల్లల పుస్తకాలు దిద్దే మనిషిని, ఆదివారం తప్పకుండా గుడికి వెళ్లే మనిషిని. రాత్రిళ్లు పడుకుని చిన్నప్పటి నుంచీ చేసినవన్నీ వెతుక్కునేదాన్ని. ఆ మనిషి వెళ్లాక నా కొడుకు కూడా అడిగాడు, "అమ్మా, నువ్వేం తప్పు చేశావు?" అని. ఆ ప్రశ్న వాడి నోట్లో పెట్టినందుకు ఆ మనిషి దేవుడికి జవాబు చెప్పుకోవాలి.

అలాంటి రోజుల్లోనే ఒక రాత్రి. బయట వాన, కరెంటు పోయింది. మావారికి మిర్చి కోల్డ్ స్టోరేజీలో నైట్ డ్యూటీ. దగ్గు తెర వచ్చింది, గొంతులో వెచ్చగా, ఉప్పగా ఏదో ఎక్కింది. కఫమేననుకుని మంచం కింది గిన్నెలో ఉమ్మాను. సెల్‌ఫోను లైటు వేసి చూస్తే ఎర్రగా, నురగతో, నెత్తురు. చారలు కాదు, గిన్నె అడుగు కనబడలేదు. మళ్లీ దగ్గు, మళ్లీ నెత్తురు. ఊపిరి తీసుకుంటే లోపల గురగురలాడుతోంది. ఎవరినీ పిలవడానికి గొంతు లేదు. చేతులు చల్లబడ్డాయి.

అప్పుడు ఆ మాటే గుర్తుకొచ్చింది. ఎన్ని మాత్రలు మింగినా దండగే. వాడన్నట్టే అయింది, దేవుడు నన్ను వదిలేశాడు, నా బిడ్డ పొద్దున లేచి ఈ గిన్నె చూస్తాడు. అంతకు మించి ఏమీ తోచలేదు. ప్రార్థన చేద్దామంటే మాట రాలేదు. ఇరవైమూడో కీర్తన సండే స్కూల్లో నేనే పిల్లలకు నేర్పించాను. "యెహోవా నా కాపరి" అని మొదలుపెడితే "గాఢాంధకారపు లోయలో నేను సంచరించినను" దగ్గర ఆగిపోయింది. ఆ తర్వాత మాట ఎంత వెతికినా దొరకలేదు. లోయలోనే నిలబడిపోయాను.

మంచం కదిలిన చప్పుడుకో, గిన్నె చప్పుడుకో అత్తయ్య లేచింది. గుమ్మం దగ్గర ఆగుతుందనుకున్నాను. ఆగలేదు. చీకట్లోనే వచ్చి మంచం మీద కూర్చుని, నా తల తన భుజానికి ఆనించుకుని, ఒక చేత్తో నుదురు పట్టుకుని, రెండో చేత్తో గిన్నె నా నోటి దగ్గర పెట్టింది. ముక్కుకు గుడ్డ కట్టుకోలేదు, కొంగు అడ్డం పెట్టుకోలేదు. వారాల తరబడి నా గ్లాసును ముట్టని చెయ్యి అది.

"ఏమైందే తల్లీ, నేనున్నాగా" అంటూ కీర్తన అందుకుంది. అత్తయ్యకు చదువు రాదు. చిన్నప్పుడు పల్లెలో బైబిలు స్త్రీ ఇంటింటికీ తిరిగి చెప్పిన వాక్యాలు, విని పట్టుకున్నవే. నేను ఎక్కడ ఆగానో అక్కడి నుంచి, "ఏ అపాయమునకు భయపడను, నీవు నాకు తోడైయుందువు, నీ దుడ్డుకఱ్ఱయు నీ దండమును నన్ను ఆదరించును" అని చివరిదాకా చెప్పింది. మళ్లీ మొదటి నుంచి చెప్పింది. నేను ఊపిరి పీల్చుకోవడం ఆ మాటల వెంట సర్దుకుంది. భయం పోయిందని చెప్పను. కానీ ఆ గదిలో నేను ఒంటరిని కాదని తెలిసింది. ఆ రాత్రి నా దగ్గరికి వచ్చింది అత్తయ్య ఒక్కతే కాదని నేను నమ్ముతాను, ఎవరు ఏమన్నా సరే.

అంత చేస్తూనే ఆవిడ పక్కింటి గోడ మీద కొట్టింది, వాళ్లబ్బాయి చేత 108కి ఫోన్ చేయించింది. ప్రభువు కాపరి అని నోటితో అంటూనే ఆంబులెన్సు పిలిపించిన మనిషి. నాకు తెలిసిన విశ్వాసం అదే.

పెద్దాసుపత్రిలో ఇంజెక్షన్లు, సెలైను, మామూలే. నైట్ డ్యూటీలో ఉన్న కుర్ర డాక్టరమ్మ ఎక్స్‌రే చూసి, "మచ్చ కుడివైపు ఉంది కాబట్టి కుడివైపుకే తిరిగి పడుకోండమ్మా, నెత్తురు మంచి ఊపిరితిత్తిలోకి పోకుండా ఉంటుంది" అంది. నేను అడిగాను, మందులు పని చెయ్యడం లేదా అని. ఆ అమ్మాయి నా మంచం మీదే కూర్చుంది. "పని చేస్తున్నాయి. మందులు మొదలుపెట్టినా కొందరికి ఇలా పడుతుంది, పుండు మానడానికి టైం పడుతుంది. మీరు చేసిన తప్పేం లేదు" అంది. తప్పేం లేదు. ఆ మాట కోసం నేను ఎన్ని రాత్రులు ఎదురుచూశానో ఆ బిడ్డకు తెలియదు. ఆమె ఏ మతమో నాకు తెలియదు, ఆమె పేరు మాత్రం రోజూ ప్రార్థనలో ఎత్తుతాను.

వార్డులో నిద్ర పట్టక బైబిలు తీస్తే ఎనభై ఎనిమిదో కీర్తన వచ్చింది. హేమాను అనే ఆయన రాసింది. ఏడుపుతో మొదలైన కీర్తనలు చాలావరకు స్తుతితో ముగుస్తాయి. ఇది ముగియదు. "చీకటియే నాకు బంధువర్గమాయెను" అని అక్కడితో ఆగిపోతుంది. ఇన్నేళ్లుగా చదువుతున్నా ఆ రాత్రే అది నాకు అర్థమైంది. భయపడినవాడి మాటను దేవుడు తన గ్రంథంలో ఉండనిచ్చాడు, కొట్టివెయ్యలేదు. మరి నా భయాన్ని చూసి నన్నెందుకు తోసేస్తాడు?

మా పాస్టర్ అయ్యగారు మర్నాడు వచ్చారు. తల మీద చెయ్యి పెట్టి చిన్న ప్రార్థన చేశారు. ఆమెన్ అనగానే అడిగిన మొదటి మాట, "మాత్ర వేసుకున్నావా అమ్మా?" నేను ఏడుస్తూ ఆ మనిషి అన్నదంతా చెప్పాను. అయ్యగారి మొహం ఎర్రబడింది. పుట్టుగుడ్డివాణ్ణి చూసి శిష్యులు, వీడు పాపం చేశాడా, వీడి కన్నవాళ్లు చేశారా అని అడిగితే ప్రభువు ఏమన్నాడు, "వీడైనను వీని కన్నవారైనను పాపము చేయలేదు" అన్నాడు కదా, యోహాను తొమ్మిదో అధ్యాయం వాళ్ల బైబిల్లో లేదా అన్నారు. హిజ్కియా రాజు జబ్బుపడి గోడవైపు తిరిగి ఏడిస్తే దేవుడు పదిహేనేళ్ల ఆయుష్షు ఇచ్చాడు, ఇచ్చి కూడా అంజూరపు పళ్ల ముద్ద పుండుకు కట్టమని యెషయా ప్రవక్త చేత చెప్పించాడు అన్నారు. అది మందు కాదా?

ఆరోగ్యవరం సంగతి కూడా ఆయన చెప్పారు. మదనపల్లె దగ్గర 1912లో చాలా క్రైస్తవ మిషన్లు కలిసి క్షయ రోగుల కోసం శానిటోరియం పెట్టాయి, డెన్మార్కు నుంచి వచ్చిన ఫ్రిమోట్ మోలర్ డాక్టరు గారు దాన్ని నడిపారు. అప్పటికి ఈ జబ్బుకు మందే లేదు. మంచి గాలి, పాలు, గుడ్లు, విశ్రాంతి, అంతే. మన గుంటూరులోనే కుగ్లర్ డాక్టరమ్మ 1883లో అమెరికా నుంచి వచ్చి 1898లో ఆసుపత్రి తెరిచింది. "వాళ్లకు ప్రార్థన చెయ్యడం రాక ఆసుపత్రులు కట్టారా అమ్మా?" అన్నారు. ఆ రోజు నుంచి మాత్రలు చేతిలోకి తీసుకున్నప్పుడల్లా, అన్నం ముందు చేసుకున్నట్టే స్తోత్రం చెప్పి మింగాను.

తర్వాత నెలలు మెల్లగా గడిచాయి. వికారం, కీళ్ల నొప్పులు, మూత్రం నారింజ రంగులోకి రావడం. ఆ రంగు చూసి హడలిపోకండి, మందు వల్లే వస్తుంది. కళ్లు పచ్చబడినా, చూపు మసకబారినా మాత్రం ఆ రోజే డాక్టరుకు చూపించాలి. రెండు నెలలకు దగ్గు పోయి, ఆకలి పుట్టి, బరువు పెరుగుతుంది. సరిగ్గా అప్పుడే చాలామంది మందు మానేస్తారు. మానొద్దు, ఆరు నెలలూ వేసుకోండి, డాక్టరు ఆపమన్నాకే ఆపండి. తిండి కోసం ప్రభుత్వం బ్యాంకులో వేసే డబ్బు నెలకు 500 ఉండేది, 2024 నవంబరు నుంచి 1000 చేశారు. అడిగి రాయించుకోండి, సిగ్గుపడకండి. నాకు వాటితోనే గుడ్లు, పాలు గడిచాయి. అత్తయ్య రోజూ గుడ్డు ఉడకబెట్టి నా కంచంలో వేసేది. ఆ కంచం మిగతా కంచాలతోనే కడిగేది.

ఆ ప్రార్థన మనిషి ఇప్పటికీ మా వీధిలోకి వస్తుంటాడు. ఎదురుపడితే వందనాలు అంటాడు. క్షమించాలని వాక్యం చెబుతోంది, నేనూ ఆ మాటే రోజూ ప్రార్థనలో అడుగుతున్నాను, ఇంకా మనసు రాలేదు. నాతో అన్నందుకు కాదు. ఇంకెందరి మంచాల దగ్గర కూర్చుని ఆ మాట అంటున్నాడో, వాళ్లలో ఎందరు మాత్రలు పారేశారో అని.

చివరి కఫం పరీక్షలో ఏమీ లేదని వచ్చాక ఆరాధనలో సాక్ష్యం చెప్పమన్నారు. ఒక పెద్దాయన పక్కకు పిలిచి, జబ్బు పేరు చెప్పకమ్మా, అనారోగ్యం అంటే చాలు అన్నారు. లేచి నిలబడ్డాను. కాళ్లు వణికాయి. టీబీ అనే చెప్పాను. కఫం డబ్బా, మాత్రలు, నెత్తురు పడిన రాత్రి, అత్తయ్య చెయ్యి, అన్నీ చెప్పాను. వెనక వరసలో అత్తయ్య కొంగుతో కళ్లు తుడుచుకుంటోంది.

ఆరాధన అయ్యాక చెప్పుల దగ్గర ఒకామె నా చెయ్యి పట్టుకుంది. మెల్లగా, "అక్కా, మా ఆయనకు రెండు నెలల నుంచి దగ్గు. ఆ డబ్బా ఎక్కడిస్తారు?" అంది. ఆయన రానంటున్నాడట, నలుగురికీ తెలుస్తుందని. మావారిని పంపి మాట్లాడించాను. సోమవారం పొద్దున వాళ్లిద్దరితో నేనూ వెళ్తున్నాను.