పేరు లేని పుట్టుక

మా ముత్తాత పుట్టిన తేదీ కోసం గుంటూరు పాత జనన రిజిస్టర్ నకలు తీయించాం. తీరా చూస్తే అందులో ఆయన పేరే లేదు! తండ్రి పేరు, పేట, 'మగ' అని మాత్రం ఉంది. బారసాల కాకముందే రాయించేస్తే పేరెక్కడి నుంచి వస్తుంది? మద్రాసు ప్రెసిడెన్సీకి 1899లోనే జనన మరణాల నమోదు చట్టం ఉంది. అయినా ఇంట్లో కాన్పులు, మంత్రసానులు... ఎన్ని రాయకుండా పోయాయో!

మరణాల వైపు మరీ ఘోరం. కలరా, మశూచి సరే, మిగతావన్నీ దాదాపు 'జ్వరం'. 1918 ఇన్‌ఫ్లుయెంజా చావులు కూడా చాలావరకు ఆ గడిలోనే పడ్డాయి. డాక్టర్ చూసి రాస్తేగా!

ఇక తాతమ్మది వెతకాలి. బాబాయ్ కొత్తపేట అంటాడు, అత్తయ్య అరండల్‌పేట అంటోంది.