నైట్ డ్యూటీ

మందు మాన్పించడానికి మా వాళ్లకు తెలిసిన వైద్యం ఒక్కటే, అయ్యప్ప మాల. మా చిత్తూరు వైపు కార్తీకం వస్తే తాగేవాళ్లు చాలామంది 41 రోజులు స్వాములైపోతారు. నాకూ వేయించారు. నిద్ర లేస్తూనే గ్లాసు పట్టేవాణ్ణి, ఒక్కసారిగా ఆపేశాను. మొదట చేతుల వణుకు, చెమటలు. మర్నాడు తిరుపతిలో నేను పనిచేసే లాడ్జిలో, కౌంటర్ దగ్గరే ఫిట్స్ వచ్చి పడిపోయాను.

ఇన్నేళ్లూ మందు అణిచిపెట్టిన మెదడు అది అందకపోతే రెచ్చిపోతుందని డాక్టరమ్మ చెప్పింది. అంతగా తాగేవాళ్లు ఇంట్లో ఉండి ఆపితే ప్రాణం మీదికే రావచ్చట. బి1 ఇంజెక్షన్లు వేశారు. వణుకు తగ్గే మాత్రలిచ్చి, వాటినీ మెల్లగా తగ్గించుకుంటూ వచ్చారు. ఒళ్లు తొందరగానే కుదుటపడింది.

నిద్రే రాలేదు. వీధిలో బండి ఆగితే చాలు, గుండెదడ. చిన్నప్పుడు మా నాయన తాగి మోపెడ్ మీద వచ్చేవాడు. బండిని స్టాండ్ వేసే చప్పుడును బట్టే ఆ రాత్రి తిట్లో, బెల్టు దెబ్బలో మాకు తెలిసిపోయేది. నేనూ అక్కా గడ్డివామి చాటున నక్కేవాళ్లం. లాడ్జిలో అందరూ వద్దనే నైట్ డ్యూటీ నేను అడిగి మరీ ఎందుకు వేయించుకున్నానో కౌన్సెలింగ్‌లోనే తెలిసింది. చీకట్లో కళ్లు మూయాలంటే నాకు భయం. తెల్లారాక క్వార్టర్ పడితేనే కునుకు.

1998లో ఫెలిట్టి, ఆండా అనే అమెరికా డాక్టర్లు వేసిన లెక్క కౌన్సెలర్ మేడం చెప్పింది. చిన్నతనంలో నాలుగు రకాల కష్టాలు గానీ, అంతకు మించి గానీ పడ్డవాళ్లకు, అసలు పడనివాళ్లతో పోలిస్తే తాగుడు, డిప్రెషన్ లాంటివాటి ముప్పు 4 నుంచి 12 రెట్లు ఎక్కువట. అదే ఇంట్లో పెరిగిన అక్క మాత్రం చుక్క ముట్టదు. తలనొప్పి మాత్రలు మింగుతుంది.

ఇప్పుడు డే షిఫ్ట్. జీతం కొంచెం తగ్గింది, మా ఆవిడ సణుగుతుంది. నాలుక పీకే రాత్రులు ఇంకా ఉన్నాయి. అప్పుడు మనసు బాగోలేనివాళ్ల కోసం ప్రభుత్వం నడిపే హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేస్తాను, ఏ వేళైనా తెలుగులో మాట్లాడతారు.

నాయనకు పెద్దవయసు. మందులకు డబ్బు పంపుతాను, అప్పుడప్పుడు పోయి చూసొస్తాను. "క్షమించేసినట్టేనా రా?" అంటుంది అక్క. ఏమో. ఆ ఇంట్లో రాత్రి మాత్రం పడుకోను, ఎంత పొద్దుపోయినా తిరుపతి బస్సెక్కేస్తాను.