చామనఛాయ

“ఆరో చెయ్యి లెక్కలోంచి తీసేశాను. సిగ్నల్ శుభ్రంగా లేదు.”

జర్మనీలో మా ల్యాబ్ మీటింగులో, మాస్టర్స్ చదివే కుర్రాడొకడు గ్రాఫు చూపిస్తూ చాలా మామూలుగా అన్నాడు. ఆరో చెయ్యి నాది.

పది రోజుల తర్వాత సెలవు మీద హైదరాబాద్ వచ్చాను. తార్నాకలో అమ్మ వడ్డించిన గోంగూర పప్పు తింటున్నా ఆ మాటే పంటికింద రాయిలా తగులుతోంది.

నా కోపం అర్థం కావాలంటే మా పని గురించి రెండు ముక్కలు చెప్పాలి. లేజర్ వెలుతురును కనురెప్ప వేసే సమయంలో లక్షో వంతు కూడా ఉండని మెరుపుగా చర్మం మీద వేస్తాం. లోపలి రక్తం దాన్ని పీల్చుకుని ఇసుమంత వేడెక్కి, ఇసుమంత ఉబ్బుతుంది. ఆ ఉబ్బడమే ఒక శబ్దం. మన చెవికి అందదు కానీ, స్కానింగ్ సెంటర్లో పొట్ట మీద తిప్పే ప్రోబ్ లాంటిది దాన్ని వింటుంది. ఆక్సిజన్ ఉన్న రక్తం, లేని రక్తం ఒకే వెలుతురును ఒకేలా పీల్చుకోవు. అందుకని రెండు మూడు తరంగదైర్ఘ్యాల వెలుతురు వేసి విని, ఎక్కడ ఎంత ఆక్సిజన్ ఉందో లెక్క కడతాం. స్పెక్ట్రోస్కోపీ, అంటే ఏ వెలుతురును ఎంత పీల్చుకుందో చూడటం, వెలుతురుది; వినికిడి అల్ట్రాసౌండ్‌ది. వెలుతురు పడితే వస్తువు మోగుతుందని గ్రాహంబెల్ 1880లోనే గమనించాడు.

చిక్కల్లా చర్మానికి రంగునిచ్చే మెలనిన్‌తో. వెలుతురు రక్తం దాకా వెళ్లకముందే అది కొంత మింగేసి, గుమ్మంలోనే గట్టిగా మోగుతుంది. లోపలికి చేరేది తగ్గుతుంది. పైన మోగిన మోత ప్రతిధ్వనించి లోపలి బొమ్మను చెడగొడుతుంది. నా చేతిలో జరిగింది అదే. ఆ కుర్రాడికి అది చెడిపోయిన కొలత. నాకైతే అసలు కొలత అదే.

ఒళ్లు మండింది. “రేపు ఈ మెషీన్ ఆసుపత్రికి వెళ్తే, నాలాంటి పేషెంట్లను కూడా తీసేస్తారా?” అన్నాను. అందరూ టేబుల్ వంక చూశారు. మా ప్రొఫెసర్ మాత్రం నా పాత ఫైళ్లు తెరవమన్నారు. “రెండేళ్లుగా ప్రోబ్ సరిచూసేటప్పుడు నువ్వు ఎవరి చెయ్యి పెట్టావు?”

పక్క టేబుల్ అమ్మాయిది. పాలలాంటి చెయ్యి, నరాలు కంటికే కనిపిస్తాయి. ప్రతి ఫైల్లోనూ ఆ అమ్మాయే.

“ఈ మాట మొదట చెప్పాల్సింది నువ్వే కదా. ఎందుకు చెప్పలేదు?” అని అడిగారావిడ. గొంతు పెంచలేదు. పెంచి ఉంటే బాగుండేది, పోట్లాడ్డానికి వీలుండేది. ఇంకో సంగతి నాకు ఆ రాత్రి గుర్తొచ్చింది: సిగ్నల్ ‘శుభ్రంగా’ ఉండాలన్న మాట ఆ కుర్రాడు నేర్చుకున్నది నా దగ్గరే.

నా తరఫున చెప్పుకోవడానికి చాలా ఉంది. పేపర్ గడువు, కాంట్రాక్టుతో ముడిపడ్డ వీసా. అయినా అద్దెకు దిగిన ఇంట్లో కుళాయి కారుతోందని మొదటి నెలలోనే ఎవరు చెబుతారు? మన పిల్లలకు సర్దుకుపోవడం ఉగ్గుపాలతో పోస్తారాయె. అక్కడివాళ్లకు అలా కాదు, కాఫీ బాగోలేకపోయినా కాఫీ చేసినవాడి ముఖం మీదే చెబుతారు. దాన్ని నేను మెచ్చుకుంటానో అసహ్యించుకుంటానో ఇప్పటికీ తేల్చుకోలేదు.

ఇవన్నీ నిజాలే. కానీ ఇంటికొచ్చిన రెండో రోజు పిన్ని గుమ్మంలోనే ఆగి, “అక్కడ ఎండలుండవంటారు, ఇలా నల్లబడ్డావేంటే?” అంది. నా పెళ్లి బయోడేటాలో నాన్న ‘చామనఛాయ’ అని రాస్తే, కొట్టేసి ‘తెలుపు’ అని రాసింది ఈ పిన్నే. ఫొటోకి పొడుగు చేతుల జాకెట్టు వేయించింది కూడా. చెయ్యి దాచుకోవడం నేను జర్మనీ వెళ్లి నేర్చుకోలేదన్నమాట.

ఇంకొకటి ఉంది, అది చెప్పడం కష్టం. 2021 ఎండాకాలం, కరోనా రెండో వేవ్. నాన్నకు పాజిటివ్. ఆక్సీమీటర్ 94 చూపిస్తోందని అమ్మ రాత్రి రెండింటికి వీడియో కాల్ చేసింది. ఇంట్లో ‘సైంటిస్టు’ని నేనే కదా. “94 అంటే కంగారు పడక్కర్లేదు, పడుకోబెట్టు” అన్నాను. ఆ వేలి క్లిప్పు చేసేదీ మా పనికి దగ్గరిదే: ఒక ఎర్ర వెలుతురు, ఒక ఇన్‌ఫ్రారెడ్, రెండింటిలో ఎంత దాటి వచ్చిందో చూసి లెక్క. ముదురు రంగు చర్మం మీద అది కొన్నిసార్లు ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుందని 2020 డిసెంబర్‌లోనే అమెరికా డాక్టర్లు పెద్ద ఎత్తున చూపించారు. క్లిప్పు 92 నుంచి 96 మధ్య చూపిస్తున్నా, రక్తం తీసి చూస్తే 88 కంటే తక్కువ ఉన్నవాళ్లు వాళ్ల లెక్కలో నల్లజాతి రోగుల్లో 11.7 శాతం, తెల్లవాళ్లలో 3.6 శాతం. ఆ పేపర్ నేను చదివాను. మీటింగులో దాని మీద మాట్లాడాను కూడా. ఆ రాత్రి మాత్రం గుర్తు రాలేదు. నాన్న రంగు నాకంటే ఒక పిసరు ఎక్కువే. ఆయన కోలుకున్నారు కాబట్టి ఈ మాట రాయగలుగుతున్నాను.

మొన్న అమ్మను పొట్ట స్కానింగ్‌కి తీసుకెళ్లాను. గోడ మీద లింగ నిర్ధారణ నేరమన్న బోర్డు, కింద ప్లాస్టిక్ కుర్చీలు, చేతిలో టోకెన్. “నీళ్లు మంచిగ తాగిండ్రా అమ్మా?” అని ఆయా ప్రతివాళ్లనీ అడుగుతోంది. లోపల డాక్టరమ్మ జెల్ సీసా పట్టుకుని ముందే “చల్లగా ఉంటుందమ్మా” అంది. ఆ ఒక్క మాటకి అమ్మ బిగుసుకున్న పొట్ట వదులైంది. మా ల్యాబులో నాలుగు పేజీల అంగీకార పత్రం మీద సంతకం పెట్టించుకుంటాం. ఈ మాట చెప్పాలని నాకెప్పుడూ తోచలేదు. తర్వాత “ఊపిరి బిగపట్టండి, వదలండి”, అయిదు నిమిషాల్లో అయిపోయింది. ధ్వనికి కొవ్వు అడ్డం, గాలి అడ్డం, ఎముక అడ్డం. రంగు మాత్రం పట్టదు. తెర మీద అమ్మ కాలేయం ఎంత చక్కగా కనబడిందో చెప్పలేను.

తిరిగొస్తూ ఉస్మానియా మీదుగా ఆటోలో వచ్చాం. నాన్నకు చెబితే ఎప్పటిలాగే సూరి భగవంతం గారి దగ్గరికి వెళ్లిపోయారు. నిజాం కాలేజీలో ఫిజిక్స్ చదివి, 1928లో రామన్ ఎఫెక్ట్ సంగతి తెలిసి కలకత్తాలో రామన్ దగ్గరికే వెళ్లిపోయిన మనిషి. వెలుతురు మీద, అల్ట్రాసౌండ్ మీద కూడా పనిచేశారు. తర్వాత ఉస్మానియాకు వైస్ ఛాన్సలర్ అయ్యారు. “ఆయన రైలెక్కి కలకత్తా దాకానే వెళ్లాడు, తిరిగొచ్చాడు” అన్నారు నాన్న, నా వైపు చూడకుండా. నేనూ విననట్టే ఊరుకున్నాను.

నేను జర్మనీ నుంచి బయల్దేరే ముందు ప్రొఫెసర్ నా చేతికి ఒక అట్ట ఇచ్చారు. పది గడుల్లో పది చర్మపు రంగులు. 2022లో వచ్చిన మంక్ స్కేల్ అది. ఇకనుంచి ప్రతి కొలతకూ ముందు చెయ్యి పక్కన పెట్టి నంబరు రాయాలట. రాత్రి భోజనాల బల్ల మీద పరిచాను. నాన్న నవ్వుతూ ఏడో గడి పక్కన చెయ్యి పెట్టారు. నేను ఆరో గడి పక్కన పెట్టాను.

పిన్ని నా మణికట్టు పట్టుకుని నాలుగో గడి దగ్గరికి జరిపింది. “ఈ బల్బు వెలుతురుకి అలా కనిపిస్తోందే. పొద్దున కిటికీ దగ్గర చూద్దాం, అప్పటిదాకా ఏమీ రాయకు.”