అడుగాకులు ముందు ఎందుకు పండుతాయి

నెదర్లాండ్స్‌లోని వెస్ట్‌ల్యాండ్ ప్రాంతంలో టమాటా పెంచే గాజు షెడ్లలో నా పని ఆకుల కిరణజన్య సంయోగక్రియను కొలవడం. మొక్క మీదున్న ఆకును తెంపకుండానే ఒక పరికరపు దవడల మధ్య బిగించి, అది ఎంత కార్బన్ డయాక్సైడును తీసుకుంటోందో, ఎంత నీటి ఆవిరిని వదులుతోందో నమోదు చేస్తాను. మొక్క కొసన ఇంకా విప్పారుతున్న లేతాకులో కార్బన్ డయాక్సైడు అంకె తక్కువగా ఉంటుంది. పూర్తిగా విచ్చుకున్న ఆకులో గరిష్ఠానికి చేరి, అక్కడి నుంచి కిందికి వచ్చేకొద్దీ తగ్గుతుంది. కంటికి నిండు పచ్చగా కనిపించే ముదురాకులో సైతం అంకె పడిపోయి ఉండడం నాకు అన్నిటికంటే ముఖ్యంగా తోస్తుంది.

కార్బన్ డయాక్సైడును పట్టి చక్కెర తయారీకి అందించే రూబిస్కో అనే ప్రొటీను, పత్రహరితం కంటే ముందే తరగడం ఇందుకు ప్రధాన కారణం. వరి ఆకులోని నత్రజనిలో దాదాపు నాలుగో వంతు ఈ ఒక్క ప్రొటీనులోనే ఉంటుంది కాబట్టి, మొక్క దాన్ని విడగొట్టి ఆ నత్రజనిని కొత్త ఆకులకు, గింజకు తరలించుకుంటుంది.

అయితే అడుగాకు ముదురుది మాత్రమే కాదు, నీడలో ఉన్నది కూడా. ఈ రెంటినీ విడదీయడానికి జపాన్ పరిశోధకులు ఒక ఆకు నీడ మరో ఆకుపై పడకుండా తీగను అడ్డంగా పాకించి, ఫలితాలను 1994లో ప్రచురించారు. నత్రజని పుష్కలంగా అందినప్పుడు ముదురాకులు తమ నత్రజనిని చాలావరకు నిలుపుకున్నాయి. కొరత ఏర్పడినప్పుడు, నీడ లేకపోయినా, కోల్పోయాయి.

మొన్న దాళ్వా (రబీ వరి) చేను గింజ పాలు పోసుకునే దశలో ఉండగా, రాజోలు దగ్గరి మా ఊరి నుంచి నాన్నగారు ఫోన్ చేసి, "అడుగాకులు పండిపోతున్నాయిరా, ఇంకో కట్ట యూరియా చల్లించమంటావా?" అని అడిగారు. "వద్దండి, పోటాకు పచ్చగా ఉందేమో చూడండి" అన్నాను. పోటాకు అంటే వెన్నుకు సరిగ్గా కింద ఉండే చివరి ఆకు. గింజకు చేరే పిండి పదార్థంలో ఎక్కువ భాగం పోటాకుతో సహా పై మూడు ఆకులే సమకూరుస్తాయి. ఆ దశలో నత్రజని ఎక్కువైతే పంట ఆలస్యమవుతుంది, పడిపోతుంది, వరి రసం పీల్చే సుడిదోమ కూడా ఉద్ధృతమవుతుంది.

పిలకల దశలో అడిగి ఉంటే నా జవాబు వేరుగా ఉండేది. అప్పుడు అడుగాకులు పండడం నిజమైన నత్రజని లోపం కావచ్చు. అందుకే పైన పూర్తిగా విచ్చుకున్న ఆకును, ఎండ తగలకుండా మన ఒంటి నీడలో ఉంచి, పచ్చ రంగు ఛాయలున్న ఆకు రంగుల పట్టికతో సరిపోల్చి ఎరువు నిర్ణయించుకోవాలి.