పెరట్లో రాతి జలపాతం: నీళ్లు ఎక్కడ పోతాయి, ఎందుకు పోతాయి

పెరటి జలపాతం కట్టించినవాళ్ల నోట మొదటి వారంలో వచ్చే మాట ఒకటే: "కొలను కారుతోంది." నీళ్లు ఇంకకుండా కొలను అడుగున పరిచే షీటుకు చిల్లు పడటం నిజానికి చాలా అరుదు. నీళ్లు పోయేది పైన, జలపాతం దగ్గర. రాయి మీదుగా దూకాల్సిన నీరు రాళ్ల సందులోకి దూరి, షీటు అంచు దాటి మట్టిలో ఇంకిపోతుంది. గంటకు 4,500 లీటర్లు తిరిగేచోట నూటికి ఒక వంతు పక్కకు పోయిందనుకోండి. గంటకు 45 లీటర్లు, రాత్రి పది గంటలు నడిస్తే 450 లీటర్లు. తెల్లారి చూస్తే చిన్న కొలనులో మట్టం నాలుగైదు అంగుళాలు దిగిపోయి ఉంటుంది. అందుకే ఇక్కడ తవ్వకం గురించి తక్కువ, రాళ్ల పేర్పు గురించి ఎక్కువ చెబుతాను.

లెక్కలకు ఒక కొలత పెట్టుకుందాం: పొడవు 8 అడుగులు, వెడల్పు 6 అడుగులు, నడుమ లోతు 2 అడుగులు. జలపాతం రెండు మెట్లుగా, మొత్తం ఎత్తు రెండున్నర అడుగులు. పొడవు వెడల్పు లోతు గుణిస్తే 96 ఘనపుటడుగులు వస్తుంది కానీ వంపులు, లోపలి మెట్టు తీసేస్తే మిగిలేది ముప్పాతిక వంతే. ఘనపుటడుగుకు 28.3 లీటర్ల చొప్పున సుమారు 2,000 లీటర్లు. హైదరాబాద్ చుట్టుపక్కల ఇళ్ల పెరళ్లకు ఇది సరిపోయే సైజు. కోయి అనే పెద్ద రంగు చేపలు పెంచాలనుకుంటే మాత్రం లోతు 3 అడుగులు దాటాల్సిందే. మే నెల ఎండకు లోతు తక్కువ నీళ్లు వేడెక్కిపోతాయి.

స్థలం ఎంచేటప్పుడు పెరట్లో అన్నిటికంటే పల్లపు మూల అందంగా కనిపిస్తుంది, అక్కడ మాత్రం వద్దు. వానాకాలంలో పెరటి బురదంతా అందులోకే చేరుతుంది. వేప, చింత కింద కూడా వద్దు, రోజూ ఆకులు ఏరడమే పనవుతుంది. ముగ్గు పోసి ఆకారం గీసి, రెండు రోజులు అలాగే వదిలి వంటింటి కిటికీలోంచి, వరండాలోంచి చూడండి. జలపాతం ముఖం మీరు రోజూ కూర్చునే వైపుకి ఉండాలి.

తవ్వేటప్పుడు చుట్టూ 10 అంగుళాల లోతున అడుగు వెడల్పుతో ఒక మెట్టు వదలండి, కుండీలకూ అంచు రాళ్లకూ అదే ఆసరా. అంచు చుట్టూ ఒకే మట్టంలో ఉందో లేదో మేస్త్రీలు వాడే నీళ్ల ట్యూబుతో చూడాలి. చిన్న రసమట్టం 8 అడుగుల దూరానికి నమ్మదగింది కాదు. ఒకవైపు అంగుళం పల్లమైతే ఆ వైపు నీళ్లు పొర్లుతుంటాయి, ఎదుటి వైపు నల్లటి షీటు జన్మంతా కనబడుతుంటుంది. అంచు మాత్రం చుట్టుపక్కల నేల కంటే 3 అంగుళాలు ఎత్తులో ఉండాలి.

తవ్విన మట్టితోనే జలపాతం దిబ్బ కట్టేయడం అందరూ చేసే పని, తప్పు అక్కడే మొదలవుతుంది. వదులు మట్టి మొదటి వానకే కుంగుతుంది, దాని మీద 200 కిలోల రాయి అరంగుళం వాలితే చాలు, నీటి దారి మారిపోతుంది. మట్టిని 6 అంగుళాల పొరలుగా పోసి, తడిపి, ప్రతి పొరా దిమ్మిస కొట్టాలి. నల్లరేగడి అయితే దిబ్బకు వాడనే వద్దు. ఎండకు పగుళ్లిస్తుంది, వానకు ఉబ్బుతుంది. మొరం తెప్పించుకోండి. పెద్ద రాళ్లు కూర్చునే చోట 1:4:8 పాళ్లలో 4 అంగుళాల కాంక్రీటు పడక వేసి, వారం తడిపితే ఇక దిగులుండదు.

షీటు కొలత తేలిక లెక్కే: పొడవుకు రెండు లోతులు, రెండు అడుగుల అంచు కలపండి. 8+4+2, అంటే 14. వెడల్పు 6+4+2, అంటే 12. పధ్నాలుగు బై పన్నెండు షీటు కావాలి. జలపాతానికి విడిగా 10 బై 6 ముక్క. ఒక మిల్లీమీటరు మందం ఈపీడీఎం రబ్బరు షీటు మంచిది, వంపుల్లో మెత్తగా ఒదుగుతుంది. సేద్యపు కుంటలకు వేసే 500 మైక్రాన్ల హెచ్‌డీపీఈ ప్లాస్టిక్ షీటు చౌక, గట్టిది కూడా. కానీ బిరుసు, మూలల్లో మడత సరిగా పడదు. నలుచదరపు కొలనుకైతే అది చాలు. నీలం రంగు టార్పాలిన్ పట్టాతో పని కానిచ్చేద్దామనుకునేవాళ్లు రెండో ఏడు రాళ్లన్నీ మళ్లీ తీయాల్సి వస్తుందని గుర్తుంచుకోండి. షీటు కింద రెండంగుళాల ఇసుక, దాని మీద 250 జీఎస్ఎం (చదరపు మీటరుకు 250 గ్రాముల) జియోటెక్స్‌టైల్ గుడ్డ. రాయి ఆనేచోట షీటు మీద కూడా మరో పొర గుడ్డ వేయాలి.

జలపాతం షీటు కొలను షీటు మీదికి కనీసం అడుగు రావాలి. పెంకుటింటి మీద పై పెంకు కింది పెంకు మీదికి ఎలా వస్తుందో అలాగే. తిరగేసి వేస్తే, పైన మీరు ఎంత అతికించినా నీళ్లు సందు వెతుక్కుంటాయి.

ఇక రాయి. హైదరాబాద్ గ్రానైట్ గుండ్లు ఈ పనికి పుట్టినవే అనిపిస్తుంది. ఉల్లిపొరల్లా పైపొర రాలుతూ గుండ్రబడ్డ రాయి, రంధ్రాలు లేవు, నీళ్లలో ఏమీ వదలదు. బేస్‌మెంట్లు తవ్వేచోట దొరికేవి పేల్చిన రాళ్లు, అంచులు పదునుగా, డ్రిల్లు గాట్లతో ఉంటాయి. అవి అడుగున, వెనక వాడి, ఎండకూ వానకూ నలిగిన పాత గుండ్లను ముఖానికి పెట్టండి. గుట్టల మీది రాళ్లు ఎవరివీ కావనుకుని ఏరుకొస్తే గనుల శాఖతో చిక్కు. క్వారీ నుంచి, బిల్లుతో కొనండి. నీరు దూకే పలకకు తాండూరు, షాబాద్, బేతంచెర్ల బండలు బాగుంటాయి. అవి సున్నపురాళ్లు, నిమ్మరసం చుక్క వేస్తే సన్నగా నురగొస్తుంది. నీళ్లలో సున్నం పెరిగి గట్టి నీళ్లవుతాయని భయపెట్టేవాళ్లున్నారు గానీ, మన బోరు నీళ్లే ముందునుంచి గట్టివి, బండ వల్ల పెద్దగా తేడా రాదు.

ఎంత రాయి కావాలి? గ్రానైట్ ఘనపుటడుగు 75 కిలోలు తూగుతుంది. మన సైజుకు 200 కిలోల వరుసవి 3, 75 కిలోలవి 10, ఇద్దరు ఎత్తగల 30 కిలోలవి 30, మొత్తం దాదాపు 2,250 కిలోలు. అన్నీ ఒకే సైజువి తెస్తే ముత్యాల దండలాగా కొలను చుట్టూ రాళ్లు తొడిగినట్టుంటుంది, అంతకంటే కృత్రిమంగా ఇంకేదీ ఉండదు. పెద్దవాటిని మూడో వంతు మట్టిలోకి దించండి. నేలలోంచి పుట్టినట్టు కనిపించాలి.

పేర్పులో వరుస ఇది. ముందు జలపాతానికి రెండు పక్కలా రెండు పెద్ద రాళ్లు, నీరు దూకే పలక కంటే కనీసం 4 అంగుళాలు ఎత్తుగా. వాటి మధ్య షీటును పైకి మడిచి, రాళ్ల వెనక నిలబెట్టాలి. షీటు అంచు ఎక్కడా రాయి కిందే ఆగిపోకూడదు. తర్వాత పలక. దీన్ని అర డిగ్రీ ముందుకు వాల్చండి, పక్కలకు మాత్రం బొత్తిగా మట్టంగా ఉండాలి. లేకపోతే అడుగు వెడల్పు తెరగా పడాల్సిన నీరంతా ఒక మూలన కుళాయి ధారలా పడుతుంది.

పలక మూతి దగ్గర కాసేపు ఆగాలి. నీళ్లు వదిలి, వంగి కింద నుంచి చూడండి. ధార కిందికి దూకకుండా మూతిని పట్టుకుని, బండ అడుగుభాగాన్ని నాకుతూ వెనక్కి పాకుతుంటుంది. అలా పాకిన నీరు పలక కింది మట్టిలోకి పోతుంది. మందు రెండు. పలక కింది రాయి కంటే 3 అంగుళాలు ముందుకు చాచి ఉండాలి. మూతికి అంగుళం లోపల, అడుగువైపు, గ్రైండరుతో 5 మిల్లీమీటర్ల గాడి అడ్డంగా కోయించాలి. సన్‌షేడ్ అడుగున మేస్త్రీలు తీసే గాడి ఎందుకో ఇదీ అందుకే: పాకే నీరు గాడి దగ్గర తెగి రాలిపోతుంది. మూతి అంచు కూడా గుండ్రంగా కాక పదునుగా ఉంటే తెర బాగా పడుతుంది.

సందులు పూడ్చడానికి సిమెంటు గుర్తొస్తుంది అందరికీ. రాళ్లు కాస్త కదలగానే సిమెంటు చిట్లుతుంది, పైగా కొత్త సిమెంటు వదిలే సున్నానికి చేపలు చస్తాయి. పాలీయురెథేన్ ఫోమ్ డబ్బా వాడండి, తలుపు చట్రాల చుట్టూ కొట్టే రకమే. రాళ్లు కడిగి, కొంచెం తడిపి, పలక అడుగునా రెండు పక్కలా కొద్దికొద్దిగా కొట్టాలి. ఉబ్బుతుంది కాబట్టి ఆశపడి నింపేస్తే పలకనే పైకి లేపేస్తుంది. జిగురుగా ఉండగానే మీద రాతిపొడి చల్లితే పసుపు రంగు కనబడదు, ఎండకు పాడవదు కూడా. ఫోమ్ కొట్టేముందు రాళ్లను ఉత్తినే పేర్చి, తోట పైపుతో నీళ్లు వదిలి చూసుకోవడం మరవొద్దు. ఆరాక మార్చడం అంటే కోసి తీయడమే.

పంపు ఎంపికలో మోసపోయేది డబ్బా మీది అంకెతో. గంటకు 8,000 లీటర్లు అని రాసినా అది ఎత్తు సున్నా ఉన్నప్పటి మాట. పక్కనే హెచ్-మ్యాక్స్ 3 మీటర్లు అని ఉంటుంది, ఆ ఎత్తున వచ్చేది సున్నా. పలక వెడల్పు ప్రతి అంగుళానికి గంటకు 400 లీటర్లు దాకా ఉంటే తెర నిండుగా పడుతుంది. అడుగు వెడల్పు పలకకు 4,500 చాలు. మన ఎత్తు కొలను నీటి మట్టం నుంచి లెక్కించాలి, పంపు నుంచి కాదు. అది 0.8 మీటర్లు, పైపు రాపిడి, బెండ్లు కలిపి 1.5 మీటర్లు అనుకుంటే, 8,000 పంపు సగానికి కాస్త ఎక్కువే ఇస్తుంది. సరిపోయింది. 80 వాట్ల పంపు రాత్రింబవళ్లు నడిస్తే నెలకు 58 యూనిట్లు, కరెంటు స్లాబు మారే ప్రమాదం ఉంది, ముందే చూసుకోండి.

పైపు 40 మిల్లీమీటర్లది వేయండి. లోపలి కొలత 25 అయితే నీటి వేగం సెకనుకు రెండున్నర మీటర్లు దాటి, రాపిడికే పంపు బలమంతా పోతుంది. 40 అయితే ఒక మీటరు. పైపు జలపాతం వెనక మట్టిలో పోవాలి, షీటును పొడుచుకుని కాదు. పంపును జలపాతానికి ఎదురు మూలన, అడుగు బురద పీల్చకుండా రెండు ఇటుకల మీద పెట్టండి. కరెంటు లైను మీద 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే లైను కట్ చేసే స్విచ్), సరైన ఎర్తు లేకుండా నీళ్లలో పంపు దించవద్దు. ఇందులో బేరం లేదు.

స్విచ్ వేయగానే మట్టం సెంటీమీటరు పైన తగ్గుతుంది, ఆ నీరు మెట్ల మీద ఉంది. ఆపగానే తిరిగొస్తుంది. కాబట్టి పంపు ఆగి ఉన్నప్పుడు అంచుదాకా నింపితే కరెంటు పోయిన ప్రతిసారీ పొర్లదు గానీ, నడుస్తున్నప్పుడు నింపితే పొర్లుతుంది.

నీరు నిజంగా కారుతోందా? మే నెలలో ఆవిరికే రోజుకు సెంటీమీటరు దాకా, అంటే 40 లీటర్లు పోతాయి, దానికి చిందులు అదనం. ధార ఎంత ఎత్తు నుంచి పడితే దాదాపు అంత దూరం చిందుతుంది, షీటు అక్కడిదాకా ఉండాలి. ఒక బకెట్టులో నీళ్లు నింపి కొలను మెట్టు మీద పెట్టి, రెండింటి మట్టమూ గుర్తు పెట్టి, పంపు ఆపి 24 గంటలు చూడండి. రెండూ సమంగా తగ్గితే ఆవిరి. పంపు నడిస్తేనే కొలను ఎక్కువ తగ్గితే జలపాతం. పంపు ఆపినా తగ్గుతూ ఒకచోట ఆగితే, ఆ గీత వెంబడే చిల్లు. ఇవేవీ కాకపోతే షీటు అంచును ఒకసారి తడిమి చూడండి, మట్టో గడ్డి వేళ్లో దాని మీదికి ఎక్కి దీపం వత్తిలా నీటిని పీలుస్తుంటాయి.

మున్సిపల్ నీళ్లు పోస్తే క్లోరిన్ పోయేదాకా రెండు రోజులు పంపు నడిపి, ఆ తర్వాతే చేపలు. మొదట పది గప్పీలు వదలండి, దోమ పిల్లలను తినేస్తాయి. ధార కదిలించని మూలల్లోనే దోమ గుడ్లు పెడుతుంది. మిగతా చేపలకు నాలుగు నుంచి ఆరు వారాలు ఆగాలి, అప్పటికి నీళ్లలో మేలుచేసే బ్యాక్టీరియా నిలదొక్కుకుంటుంది. కలువ కుండీని ధారకు 3 అడుగులు దూరంగా పెట్టండి, దానికి చిందులు గిట్టవు. గుర్రపుడెక్క ఒక్క మొక్క కూడా తేవద్దు. నీళ్లు పచ్చబడితే బ్లీచింగ్ పొడి చల్లకండి, చేపలు చస్తాయి. సగం నీడ, మేత తగ్గింపు, లాన్‌కు వేసిన యూరియా కొట్టుకురాకుండా ఎత్తు అంచు, ఇవే పని చేస్తాయి. పలక మీద తెల్లటి పొర బోరు నీటి సున్నం. పంపు ఆపి, బ్రష్‌తో రుద్ది, ఆ నీరు కొలనులోకి పోకుండా తుడిచేయండి. వెనిగర్ వద్దు, సున్నపురాయి పలకనే తినేస్తుంది.

వానలకు ముందే 50 మిల్లీమీటర్ల పొర్లు పైపును అంచుకు అంగుళం కింద పెట్టి, జాలీ కట్టి, ఇంకుడు గుంతకు కలపండి. కప్పలు ఎలాగూ వస్తాయి, వాటి కోసం నీరుకట్టు పాము కూడా రావచ్చు. అది విషం లేనిదే, కానీ అంచు రాళ్ల వెనక పిడికిలి పట్టే బొరియలు వదిలితే అన్ని రకాలూ కాపురం పెడతాయి. రాళ్ల వెనక సందులన్నీ మొరం, 20 మిల్లీమీటర్ల కంకర కలిపి దిమ్మిస కర్రతో గట్టిగా కూరి పూడ్చాలి. అలా చేస్తే అంచు రాయి మీద కాలు పెట్టినా కదలదు.