పెన్‌డ్రైవ్‌లోకి వెళ్లినవి, వెళ్లనన్నవి

ఆదివారం, కర్నూలు

మా ఇంట్లో ట్యాబ్ ఒకటే, దాని మీద హక్కుదారులు నలుగురు. కొన్నప్పుడు 32 జీబీ అంటే చాలా అనిపించింది. అందులో సగం దాకా ఆండ్రాయిడ్, కంపెనీవాళ్లు ముందే వేసి పంపిన యాప్‌లు తినేస్తాయని అప్పుడు ఎవరూ చెప్పలేదు. మిగిలిన సగంలో మావాడి ఇంటర్ కోచింగ్ వీడియోలు, అత్త ప్రవచనాలు, మా ఆయన క్రికెట్, నా ఫొటోలు. పోనీ మెమరీ కార్డు వేసుకుందామా అంటే దీనికి ఆ స్లాట్ లేదు. ఛార్జింగ్ పెట్టుకునే టైప్-సి రంధ్రం ఒక్కటే.

పొద్దున ఉగ్గాని తింటుండగా మావాడు వచ్చి, స్టోరేజ్ ఫుల్ అంటోంది, ఆర్గానిక్ కెమిస్ట్రీ డౌన్‌లోడ్ కావడం లేదు అన్నాడు. కొత్త ట్యాబ్ కొనేద్దాం అన్నాడు మా ఆయన. మిక్సీ జార్ మూత పగిలినా ఆయన కొత్త మిక్సీ కొందామనే అంటాడు కాబట్టి ఆ మాట నేను పట్టించుకోలేదు. సెట్టింగ్స్‌లోకి వెళ్లి, యాప్‌లు తాత్కాలికంగా దాచుకునే క్యాష్ ఫైళ్లు తుడిచాను. వాట్సాప్‌లో పేరుకున్న గుడ్‌మార్నింగ్ బొమ్మలు, పండగ శుభాకాంక్షల వీడియోలు తీసేశాను. అంతా కలిపి ఒక జీబీ కూడా ఖాళీ కాలేదు. ఇక పెన్‌డ్రైవ్ తగిలించడమే దారి.

ఎండ ముదరకముందే రాజ్‌విహార్ వైపు వెళ్లి వచ్చాను. కొట్లో అబ్బాయి రెండు రకాలు చూపించాడు. మన దగ్గరున్న పాత పెన్‌డ్రైవ్‌కే చిన్న ఓటీజీ అడాప్టర్ తగిలించుకోవడం ఒకటి. రెండు మూతులూ ఉన్న డ్రైవ్ ఇంకొకటి: ఒకవైపు ట్యాబ్‌కి పట్టే టైప్-సి, ఇంకోవైపు కంప్యూటర్‌కి పట్టే పాత వెడల్పు పిన్ను. "ఇది తీసుకో అక్కా, అడాప్టర్ యాడ పెడతావో నీకే గుర్తుండదు" అన్నాడు. నిజమే. 64 జీబీది తీసుకున్నాను.

పక్కన నిలబడ్డ ఒకాయన ఇదేం వింత, ఛార్జింగ్ రంధ్రంలో పెన్‌డ్రైవ్ ఎట్లా పనిచేస్తుంది అని అడిగాడు. ఆ అబ్బాయి బాగానే చెప్పాడు. ట్యాబ్‌ని కంప్యూటర్‌కి తగిలిస్తే, అది కంప్యూటర్ చెప్పింది వినే వస్తువు. పెన్‌డ్రైవ్ తగిలిస్తే అదే ట్యాబ్ ఇప్పుడు చెప్పే వస్తువు అవుతుంది, కరెంటు కూడా తనే ఇస్తుంది. ఈ పాత్ర మార్పిడి పేరే ఓటీజీ, అంటే ఆన్ ద గో. దాని నియమాలు 2001లోనే వచ్చాయి. ఆండ్రాయిడ్‌లో ఈ సదుపాయం 2011లో, 3.1 వెర్షన్‌తో మొదలైంది. ఐప్యాడ్‌వాళ్లకి మాత్రం 2019లో ఐప్యాడ్ ఓఎస్ 13 వచ్చేదాకా ఫైల్స్ యాప్‌లో పెన్‌డ్రైవ్ కనపడలేదు. బెంగుళూరులో ఉండే మా ఆడబిడ్డ కూతురు చాలా ఏళ్లు ఈ విషయంలో మమ్మల్ని చూసి కుళ్లుకుంది. మాకు ఆమె మీద ఉన్న ఆధిక్యం అదొక్కటే.

ఎదురింటి పంతులు గారు ఆన్‌లైన్‌లో 2 టీబీ, అంటే రెండు వేల జీబీల పెన్‌డ్రైవ్ మూడొందల చిల్లరకే తెప్పించుకున్నాడు. తిరిగి వచ్చేటప్పుడు గేటు దగ్గర ఆపి మరీ చూపించాడు. అంత ధరకు అంత స్థలం ఎక్కడా రాదు. లోపల ఉండేది చిన్న చిప్పే, దాన్ని నడిపే కంట్రోలర్‌కి అబద్ధం నేర్పి పంపుతారు. 2 టీబీ ఉన్నానని ట్యాబ్‌కి చెబుతుంది, ఇచ్చిన ఫైళ్లన్నీ తీసుకున్నట్టే నటిస్తుంది, పేర్లు కూడా వరసగా చూపిస్తుంది. అసలు స్థలం నిండాక వేసినవి తెరిస్తే ఏమీ ఉండదు. హెచ్2టెస్ట్‌డబ్ల్యూ అని ఒక ఉచిత ప్రోగ్రాం ఉంది, డ్రైవ్ నిండా రాసి, తిరిగి చదివి, ఎంత నిజమో చెబుతుంది. సాయంత్రం మావాణ్ణి పంపిస్తా, ల్యాప్‌టాప్‌లో పెట్టి చూస్తాడు అన్నాను. పంతులు గారికి నా మాట నచ్చలేదని ముఖంలోనే తెలిసింది.

ఇంటికి వచ్చి తగిలిస్తే వెంటనే కనపడింది. కొన్ని కంపెనీల ఫోన్లలో, ట్యాబుల్లో సెట్టింగ్స్‌లోకి పోయి ఓటీజీ అని ఉన్న మీట ఆన్ చేయాలి, కాసేపు వాడకపోతే దానంతటదే ఆరిపోతుంది. మా దానికి ఆ గోల లేదు. అసలు గోల ల్యాప్‌టాప్‌లో పెట్టాక మొదలైంది. ట్యాబ్‌లో అరవైకి పైన చూపించిన డ్రైవ్, ల్యాప్‌టాప్‌లో 58 చిల్లర అంటోంది. అత్తది కోడుమూరు వైపు, పుట్టింట్లో ఉల్లి సాగు. పక్కన కూర్చుని అంతా చూస్తోంది.

"ఏం పాపా, అరవై నాలుగని చెప్పి యాభై ఎనిమిది ఇచ్చినాడా? ఉల్లిగడ్డల మండీలో మాదిరి దీనికి గూడా తరుగు తీస్తారా?"

నవ్వి నవ్వి పొలమారింది. అయినా అత్త అడిగినదాంట్లో తప్పేం లేదు. తయారుచేసేవాళ్లు జీబీ అంటే వంద కోట్ల బైట్లని లెక్క వేస్తారు, కాబట్టి 64 జీబీ అంటే 6,400 కోట్ల బైట్లు. విండోస్ మాత్రం 107 కోట్ల 37 లక్షల బైట్లు ఉంటేగానీ దాన్ని ఒక జీబీ అనదు. ఆ లెక్కన 6,400 కోట్లు సుమారు 59.6 అవుతాయి. పైన ఇంకాస్త చిప్ సొంత అవసరాలకు, ఫైళ్ల జాబితాకు పోతుంది. సరుకు తగ్గలేదు, తూకంరాయి వేరు అని చెప్పాను. అత్త నమ్మలేదు. మండీలో కూడా ఇట్లాగే చెప్తారంట.

2000లో మొదటిసారి అమ్మకానికి వచ్చిన పెన్‌డ్రైవ్‌ల సైజు 8 ఎంబీ. ఇప్పటి మా డ్రైవ్‌లో అట్లాంటివి ఎనిమిది వేలు పడతాయి. డిగ్రీ చదివే రోజుల్లో మా క్లాసులో ఒకడు 128 ఎంబీది తాడు కట్టి మెళ్లో వేసుకుని తిరిగేవాడు, బతిమాలితే గానీ చేతికిచ్చేవాడు కాదు.

ఆడబిడ్డ పెళ్లి వీడియోను డిజిటల్ చేయించి ల్యాప్‌టాప్‌లో పెట్టాం, ఏడు జీబీల ఒకే ఫైలు. ట్యాబ్‌లో అది ఏనాడూ పట్టలేదు. ముందు అది ఎక్కిద్దామంటే, స్థలం అంతా ఖాళీగా ఉన్నా ఫైల్ పెద్దది అని మొరాయించింది. కొత్త డ్రైవ్ ఫ్యాట్ 32 అనే పద్ధతిలో ఫార్మాట్ అయి, అంటే ఫైళ్లు రాసుకోవడానికి సిద్ధమై వచ్చింది. 1996 నాటి పద్ధతి అది. ఒక్కో ఫైలు సైజు రాసుకోవడానికి 32 బిట్లే ఇచ్చారు, అందుకే 4 జీబీకి ఒక్క బైటు తక్కువ వరకే ఒప్పుకుంటుంది. 1996లో 4 జీబీల పెళ్లి వీడియో ఎవరికి తెలుసు. ఆ హద్దు లేని ఎక్స్‌ఫ్యాట్ అనే పద్ధతికి మార్చి ఫార్మాట్ చేశాక ఎక్కింది. ఎన్‌టీఎఫ్ఎస్ అని ఇంకొకటి ఉంది, విండోస్‌కి అది అలవాటే గానీ ఆండ్రాయిడ్ ట్యాబులు చాలావరకు దాన్ని చదవవు. ఎక్స్‌ఫ్యాట్ అయితే ఈ కాలం ట్యాబుల్లో ఎక్కువ వాటికి, ల్యాప్‌టాప్‌కి రెండింటికీ సరిపోతుంది. ఫార్మాట్ చేస్తే లోపలున్నదంతా పోతుంది కాబట్టి డ్రైవ్ ఖాళీగా ఉన్నప్పుడే ఆ పని కానిచ్చేయాలి.

భోజనాలయ్యాక అసలు పని. స్థలం ఎక్కువ తిన్నది మావాడి కోచింగ్ యాప్, పది జీబీకి దగ్గర. అది కదలలేదు. వీడియోలన్నీ యాప్ లోపల తాళం వేసి ఉన్నాయి, యాప్ ఏమో పెన్‌డ్రైవ్‌లోకి రాదు. 2015లో ఆండ్రాయిడ్ 6తో బయటి కార్డును లోపలి మెమరీలో కలిపేసుకునే సదుపాయం ఇచ్చారు గానీ చాలా కంపెనీలు దాన్ని మూసేశాయి, మా ట్యాబ్‌లో కూడా లేదు. మా ఆయన ఓటీటీలో దించుకున్న సినిమాలు కదలలేదు. యూట్యూబ్‌లో అత్త కోసం డౌన్‌లోడ్ చేసిన ప్రవచనాలు కదలలేదు. నెల డబ్బులు కట్టినన్నాళ్లే అవి మన దగ్గర ఉంటాయి. ఫైల్స్‌లో వెతికితే ఆ సినిమా పేరుతో ఏదీ కనపడదు కూడా.

కదిలినవి ఏవంటే కెమెరా ఫొటోలు, మావాడి చిన్నప్పటి వీడియోలు, మామ పాడిన పద్యాలు, నేను స్కాన్ చేసి పెట్టుకున్న పాత ఆల్బం, వంటల పీడీఎఫ్‌లు, పొలం పాస్‌బుక్ కాపీ. ఇన్నాళ్లూ అన్నీ ఒకే తెర మీద ఉంటే అన్నీ మనవే అనుకున్నాం. డ్రైవ్ తగిలించాక ఏది సొంతం, ఏది అద్దెకున్నదో తేలిపోయింది. సినిమాలు పోతే పోయాయి గానీ ప్రవచనాల సంగతి అత్తకి ఎట్లా చెప్పాలో తెలియలేదు, చెప్పలేదు.

కాపీ కావడానికి ముప్పావుగంట దాకా పట్టింది. టైప్-సి రంధ్రం ఉంది కదా, వేగం ఉంటుందని అనుకోవడానికి లేదు. చవక ట్యాబుల్లో రంధ్రం కొత్తది, లోపల నడిచేది పాత యూఎస్‌బీ 2.0. డ్రైవ్ కొంచెం వేడెక్కింది. బ్యాటరీ బాగా దిగింది. మధ్యలో మా ఆయన, పెన్‌డ్రైవ్ ఎందుకు, ఇది ఉంది కదా అని బీరువాలోంచి పాత హార్డ్‌డిస్క్ తెచ్చి, కాపీ అయిపోయాక తగిలించాడు. లైటు వెలిగింది, టిక్కుటిక్కుమంది, తిరగలేదు. దానికి కావలసిన కరెంటు ట్యాబ్ ఇవ్వలేదు. మళ్లీ బీరువాలో పెట్టేశాడు.

కాపీ అయిందని తెర మీద వచ్చినా లాగేయకూడదని మావాడికి, అత్తకి ఇద్దరికీ చెప్పాను. చివరి ముక్కలు ఇంకా ట్యాబ్ మెమరీలోనే ఉండొచ్చు. నోటిఫికేషన్‌లో ఎజెక్ట్ నొక్కి, తీయొచ్చని చెప్పాకే తీయాలి. అత్త సరే అంది. మావాడు తెలుసులే అన్నాడు, వాడి మీదే నాకు అనుమానం.

ట్యాబ్‌లో ఉన్న ఫొటోలు తీసేయడానికి మాత్రం వెంటనే చేయి రాలేదు. 2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ రెండూ ఊళ్లోకి వచ్చినప్పుడు మేం పాతబస్తీలో ఉండేవాళ్లం. మావాణ్ణి ఎత్తుకుని మేడ ఎక్కాం, ఆల్బంలున్న ట్రంకుపెట్టె కిందే ఉండిపోయింది. నీళ్లు తీసి, బురద ఎత్తి, పెట్టె తెరిస్తే ఫొటోలన్నీ ఒకదానికొకటి అతుక్కుని ముద్ద. ఫొటో కాగితం మీద ఉండే జెలటిన్ పొర నానితే ఉబ్బి జిగురవుతుంది. ఎండలో పెడితే ఇంకా గట్టిగా పట్టుకుంటుంది, మంచినీళ్లలో ఉంచి మెల్లగా విడదీయమని స్టూడియో ఆయన చెప్పాడు. ఎన్నో పోయాయి, కొన్ని మిగిలాయి. నేను స్కాన్ చేసినవి ఆ మిగిలినవే. మామ క్యాసెట్లు మాత్రం ఒక్కటీ బతకలేదు. ఇప్పుడు మేం వింటున్న కాటిసీను పద్యాలు, నంద్యాలలో ఆయన స్నేహితుడి దగ్గర ఒక కాపీ ఉండబట్టి వచ్చినవి.

అందుకని ట్యాబ్‌లోంచి తీసే ముందు అవన్నీ ల్యాప్‌టాప్‌లోకి కూడా ఎక్కించాను. బొటనవేలంత డ్రైవ్, చీపురుకి తగిలితే చెత్తబుట్టలోకి పోతుంది. అది కాకపోయినా అందులో సమాచారం నిలిచేది చిప్‌లో పట్టి ఉంచిన విద్యుదావేశం వల్ల, ఏళ్ల తరబడి కదిలించకుండా పడేస్తే అది మెల్లగా కారిపోతుంది. స్థలం పెంచుకోవడానికి బాగానే ఉంది గానీ ఏకైక కాపీ దాంట్లో పెట్టే ధైర్యం నాకు లేదు. దసరాకి ఆడబిడ్డ వచ్చినప్పుడు ఇంకో డ్రైవ్‌లో వేసి బెంగుళూరు పంపిస్తా. తుంగభద్ర అక్కడిదాకా పోదు.

చివరికి ట్యాబ్‌లో ఏడు జీబీ ఖాళీ అయింది. ఆర్గానిక్ కెమిస్ట్రీ దిగింది. అత్త డ్రైవ్‌లోంచే, వీఎల్‌సీ అనే వీడియో ప్లేయర్‌లో కూతురి పెళ్లి వీడియో చూడటం మొదలుపెట్టింది. తలంబ్రాల దగ్గరికి వచ్చేసరికి బ్యాటరీ పదిహేను శాతం. ఉన్నది ఒకటే రంధ్రం, అందులో డ్రైవ్ ఉంది, ఛార్జర్ పెట్టాలంటే డ్రైవ్ తీయాలి. అత్త తీయనివ్వలేదు. తెర వెలుగు తగ్గించి అప్పగింతల దాకా లాక్కొచ్చాం.

డ్రైవ్, ఛార్జర్ రెండూ ఒకేసారి పట్టే హబ్‌లు ఉన్నాయి. వాటిల్లో పీడీ (పవర్ డెలివరీ, అంటే ఛార్జర్ కరెంటును ట్యాబ్ దాకా పంపేది) అని రాసి ఉన్నదే తీసుకోవాలి, మామూలు హబ్‌లో డ్రైవ్ ఆడుతుంది గానీ ఛార్జ్ ఎక్కదు. అది రాసి ఉన్నా ట్యాబ్ ఒప్పుకోవాలి, అన్నీ ఒప్పుకోవు. రేపు ఆఫీసుకి ట్యాబ్ తీసుకుపోయి, వచ్చేటప్పుడు ఆ అబ్బాయి కొట్లోనే తగిలించి చూసి, పనిచేస్తేనే డబ్బులిస్తా.