ఉత్తరాల వెంట వెళ్తే ఊళ్లు దొరికాయి

మా అమ్మమ్మ వాళ్ల ఊరు శ్రీశైలం ప్రాజెక్టు నీళ్లలో మునిగిపోయింది. అందుకేనేమో, అమెరికాలోని కాన్సాస్ రాష్ట్రానికి వచ్చాక ఇక్కడా మాయమైన ఊళ్లున్నాయని తెలిసి ఊరుకోలేకపోయాను. రాష్ట్రానికి వాయవ్యంలో ఉన్న గ్రాహం కౌంటీతో మొదలుపెట్టాను.

పోయిన ఊళ్ల ఆనవాళ్ల కోసం ముందు కాన్సాస్ హిస్టారికల్ సొసైటీ వారి పోస్టాఫీసుల జాబితా చూశాను. కౌంటీ పేరు ఇస్తే చాలు, పాత పోస్టాఫీసులన్నీ పెట్టిన తేదీ, ఎత్తేసిన తేదీతో సహా వస్తాయి. వాటిలో చాలా పేర్లు ఇప్పటి మ్యాపులో లేవు. కొన్నయితే అసలు ఊళ్లే కావు. ఎవరో రైతు ఇంట్లో ఓ మూల ఉత్తరాలు పంచేవారు, అంతే. 1901లో అమెరికా మొత్తం మీద 76,945 పోస్టాఫీసులుండేవి. అదే గరిష్ఠం. రూరల్ ఫ్రీ డెలివరీ వచ్చి ఉత్తరాలు పొలం దారి దాకా చేరడం మొదలయ్యాక ఇలాంటివి ఒక్కొక్కటే మూతపడ్డాయి.

పేరు దొరికింది సరే, చోటు ఎక్కడ? దీనికి నేషనల్ ఆర్కైవ్స్‌లో ఉన్న స్థల నివేదికలు ప్రాణం పోశాయి. సెక్షన్, టౌన్‌షిప్, రేంజ్, దగ్గర్లోని వాగు, పక్క పోస్టాఫీసు ఎంత దూరం, అన్నీ పోస్ట్‌మాస్టరే రాసి పంపాల్సి ఉండేది. కొన్నిటికి చేత్తో గీసిన పటం కూడా ఉంటుంది. టౌన్‌షిప్ అంటే ఆరు మైళ్ల చదరం, అందులో 36 సెక్షన్లు. ఆ చదరం తూర్పు పడమరల్లో ఎక్కడుందో చెప్పేది రేంజ్. కాబట్టి ఈ మూడు నంబర్లూ తెలిస్తే ఇవాళ్టి మ్యాపులో ఒక చదరపు మైలు దాకా వచ్చేస్తాం. ఆ చేతిరాతలు చదవడమే అసలు టెన్షన్!

నాకు అన్నిటికన్నా ఉపయోగపడింది మాత్రం పోస్ట్‌మాస్టర్ల నియామకాల రిజిస్టరు. ఆఫీసు ఎత్తేసినప్పుడు దాని కాగితాలు ఏ ఆఫీసుకు పంపాలో పక్కనే రాసేవారు. జనం ఎటు మళ్లారో అక్కడే తెలిసిపోతుంది.

అయితే పోస్టాఫీసు తేదీని ఊరి ఆయుష్షు అనుకోకూడదని నికోడెమస్ చూశాకే అర్థమైంది. బానిసత్వం నుంచి బయటపడిన నల్లజాతి కుటుంబాలు 1877లో కెంటకీ నుంచి వచ్చి కట్టుకున్న ఊరది. ఎల్లిస్ స్టేషన్‌లో దిగి, అక్కణ్నుంచి నడిచి వచ్చారు. మొదట్లో నేలలో తవ్వుకున్న గుంతల్లోనే కాపురాలు. 1888లో రైలు వాళ్ల ఊరిని వదిలేసి సోలమన్ నది అవతలి నుంచి వెళ్లింది. అక్కడ బోగ్ అనే ఊరు వెలిసింది, నికోడెమస్ వ్యాపారులు దుకాణాలతో సహా అటు తరలిపోయారు. అంత దెబ్బ తిన్నా పోస్టాఫీసు 1953 వరకూ నిలబడింది! ఇవాళ్టికీ కొద్దిమంది అక్కడే ఉంటున్నారు. 1996లో దాన్ని జాతీయ చారిత్రక స్థలంగా ప్రకటించారు.

ఇప్పుడు తూర్పున ఉన్న రూక్స్ కౌంటీ రికార్డులు తీస్తున్నాను. సరిహద్దు దగ్గర మూతపడిన ఆఫీసుల కాగితాలు పక్క కౌంటీకి వెళ్లి ఉండవచ్చు. అవి చూడనిదే గ్రాహం జాబితా పూర్తి కాదు.